పాత పత్రికల గది, సీట్లు: రెండు

సెప్టెంబర్ 1, సోమవారం

దుప్పట్లు నాలుగు, దిండు గలీబులు ఆరు ఉతికి ఆరేశాను. గ్యాస్ సిలిండర్ మార్చాను. వంటింటి అరల్లో పై రెండూ దులిపి సర్దాను, కింది అర మిగిలింది. ఆయన చొక్కా కఫ్ గుండీ ఊడితే కుట్టాను. తెల్ల దారం అయిపోయింది, నీలంది వేశాను. ఎవరు చూడొచ్చారు.

చెయ్యని పని ఒకటి: ఫోన్ శుభ్రం. స్టోరేజ్ ఫుల్ అని పొద్దున్నించీ ఒకటే గోల. ఈ ఫోన్ అసలు మా అమ్మాయిది. తను కొత్తది కొనుక్కుని పాతది నాకిచ్చింది. కొత్త దాంట్లో తను తీసే ఫొటోలన్నీ నా దాంట్లోకీ వచ్చి పడుతున్నాయి. యూనివర్సిటీ లైబ్రరీ యాప్ కూడా ఇందులోనే ఉండిపోయింది. అక్కడ టింగుమంటే ఇక్కడా టింగుమంటుంది. తీసెయ్యవే అంటే రేపు తీస్తానమ్మా అంటుంది. దాని రేపు సంగతి నాకు తెలుసు.

ఫొటోలన్నీ పాత పేపర్లే. రంగు మారి, అంచులు చిరిగి ఉంటాయి. అదే దాని రిసెర్చి. డెబ్భై ఎనభై ఏళ్ల కిందటి దినపత్రికల్లో జనం వేయించిన ‘పోయినవి, దొరికినవి’ ప్రకటనలు. ఎవరు ఏం పోగొట్టుకున్నారో, దేనికోసం ఎంత వెతుక్కున్నారో చూస్తే అప్పటి బతుకులు తెలుస్తాయట. మూడేళ్లుగా వెతుకుతూనే ఉంది.

డిసెంబర్ దాకా అని గడువు పెట్టాను. అప్పటికి థీసిస్ ఇవ్వకపోతే మా ఆడపడుచు పనిచేసే స్కూల్లో చేరాలి. ఆవిడ అక్కడ మాట్లాడి ఉంచింది. నేను గడువు పెట్టిన రోజు ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, మీ అమ్మ మాటే నా మాట అన్నారు. దీన్ని ఇక ప్రోత్సహించనని నాకు విడిగా మాట కూడా ఇచ్చారు.

సెప్టెంబర్ 3, బుధవారం

కింది అర అయింది. ఫ్రిజ్ తుడిచాను. కిటికీ ఊచలకు తుప్పు, రుద్దడానికి గరుకు కాగితం తేవాలి.

మధ్యాహ్నం కాళ్లు చాపుకుని ఫొటోలు చూశాను. చూడకూడదనే అనుకున్నాను. కానీ మన ఫోన్లోకి వచ్చినవి మనం చూడకపోతే ఇంకెవరు చూస్తారు.

ఒకాయన వెండి పిడి గొడుగు స్టేషన్‌లో మరిచిపోయాడు. ఇంకొకాయన పై వరస కట్టుడు పళ్లు. ఒకావిడ చిలక ఎగిరిపోయింది: రమ్మంటే రాదు, తిడితే వచ్చును. ఒక పెద్దమనిషి మాత్రం భార్య కోసం వేయించాడు. కోపంతో వెళ్లావు, వంట నేనే చేసుకుంటున్నాను, నాకు ఉప్పు అందాజు తెలియదు, రావలసింది అని. ఆవిడ వచ్చిందో లేదో ఆ పేజీలో లేదు. అమ్మాయి రేపు తీసే పేజీల్లో ఉంటుందేమో.

ఎదురింటావిడ అడిగింది, మీ అమ్మాయి ఇంత కాలంగా దేనిమీద చదువుతోందండీ అని. పోయినవాటి మీద అన్నాను. ఆవిడ ముఖం దించేసి, పోన్లెండి, వాళ్ల గురించీ ఎవరో ఒకరు చదవాలిగా పాపం అంది. సరిదిద్దలేదు. సరిదిద్దితే ఇంకా విచిత్రంగా ఉంటుంది.

సెప్టెంబర్ 5, శుక్రవారం

ఇవాళ్టి ఫొటోల్లో తెల్ల గ్లౌజులు తొడిగిన చేతులు. అమ్మాయివి కావు.

సెప్టెంబర్ 6, శనివారం, రాత్రి

గ్లౌజుల సంగతి నాకు తెలుసు. ఆ పేపర్లు చెయ్యి తగిలితే పొడైపోతాయట. ఇంటికి ఇవ్వరు, జిరాక్స్ మెషీన్ కింద పెట్టి నొక్కనివ్వరు. గదిలో కూర్చుని, గ్లౌజులు వేసుకుని, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీసుకోవచ్చు. అంతే. కాబట్టి గ్లౌజు అర్థమైంది. లోపలి చెయ్యే అర్థం కాలేదు.

పాత ఫొటోలు తీసి పోల్చాను. మొన్నటి దాకా పేజీ ఒక మూల లేచి ఉండేది, ఇంకో మూల దాని స్కేలో, చిటికెన వేలో ఉండేది. ఫొటో ఏటవాలుగా వచ్చేది. నిన్నటి నుంచి పేజీకి అటూ ఇటూ రెండు చేతులు. పేజీ ఇస్త్రీ చేసినట్టు పడుకుంది. ఫొటో నిటారుగా వచ్చింది. ఫోన్ పట్టుకోడానికి రెండు, పేజీ పట్టుకోడానికి రెండు. నాలుగు చేతుల పని. మా అమ్మాయికి నేను రెండే ఇచ్చాను.

మూడింటికి యాప్ గుర్తుచేస్తూ టింగుమంది. పాత పత్రికల గది, 4 నుంచి 6, సీట్లు: 2.

అమ్మాయి రాగానే కాఫీ ఇచ్చి అడిగాను, ఒక్కదానివే అన్ని గంటలు ఆ గదిలో కూర్చుంటే విసుగెయ్యదా అని. ఒక్కదాన్నే ఉంటే ప్రశాంతంగా ఉంటుందమ్మా అంది. కప్పులోకి చూస్తూ అంది. అబద్ధం ఆడినప్పుడల్లా కప్పులోకి చూస్తుంది. పాలు తాగే వయసు నుంచీ అదే అలవాటు.

సెప్టెంబర్ 8, సోమవారం

కర్టెన్లు ఉతికాను. గరుకు కాగితం తెచ్చాను, ఊచలు సగం అయ్యాయి.

పొడుగు వచ్చాడు. అమ్మాయితో పాటు రిసెర్చి చేసే కుర్రాడు. మా గుమ్మం తగలదు, అయినా అలవాటుకొద్దీ తల వంచుకునే వస్తాడు. అందుకని మేం పొడుగు అంటాం, వాడికీ తెలుసు. మంచినీళ్లు పెద్ద గ్లాసులో ఇచ్చాను, వేళ్లు ఎంత దూరం చుట్టుకొస్తాయో చూద్దామని. పూర్తిగా చుట్టుకొచ్చాయి. సన్నటి, పొడుగాటి వేళ్లు. ఫొటోలోవి పొట్టిగా, దళసరిగా ఉన్నాయి. కానీ గ్లౌజు తొడిగితే ఏ చెయ్యయినా దళసరిగానే కనిపిస్తుంది. కొట్టిపారెయ్యలేదు.

వాడు గమనించాడు. ఏంటాంటీ, చెయ్యి చూసి జాతకం చెప్తారా అన్నాడు. చెప్పగలను, చెప్పను అన్నాను. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

ఆయన చొక్కాల కఫ్‌లకు ఈమధ్య గోధుమరంగు పొడి అంటుకుని వస్తోంది. ఎంత రుద్దినా ఓ పట్టాన వదలదు. డాక్టర్ నడవమన్నాడని ఆఫీసు నుంచి నేరుగా స్టేడియంకి వెళ్తున్నారు. అక్కడి మట్టి కాబోలు. నడిస్తే మట్టి కాళ్లకు అంటాలి గానీ కఫ్‌లకేమిటి, చేతుల మీద నడుస్తున్నారా అని అడిగాను. ఎప్పుడూ నా జోకులకు నవ్వే మనిషి, నవ్వలేదు. షుగర్ కూడా దిగలేదు. డాక్టర్ని మార్చాలి.

సెప్టెంబర్ 10, బుధవారం

మనసులో పెట్టుకుంటే నాకు అరగదు. భోజనాల దగ్గర ఆయనకు చెప్పేశాను. అమ్మాయితో పాటు లైబ్రరీలో ఎవరో కూర్చుంటున్నారు, గ్లౌజులు వేసుకుని, రోజూ, మనకు చెప్పకుండా అని.

ఆయనకు పొలమారింది. రెండు గ్లాసుల నీళ్లు తాగారు. లైబ్రరీ సిబ్బంది అయ్యుంటారు అన్నారు. సిబ్బందికి సీటు బుక్ చేస్తారా అన్నాను. చేతులు చూసి మనిషిని అనుమానిస్తే ఎలా, మంచివాడేనేమో అన్నారు.

మంచివాడు. నేను ఎవరో అన్నాను, మగవాడని అనలేదు. ఈయనకు తెలుసు. వాడెవరో చూశారు కూడా. తండ్రీ కూతుళ్లు ఒకటై నా దగ్గర దాస్తున్నారు. మీ అమ్మ మాటే నా మాట అన్న పెద్దమనిషి ఈయనే.

అందరికీ తెలిసి, నాకొక్కదానికే తెలియని విషయం నా ఇంట్లో ఉంది. నా ఇంట్లో ఉప్పు డబ్బా ఎంత దాకా ఉందో కూడా నాకు చూడకుండా తెలుసు.

సెప్టెంబర్ 11, గురువారం, మూడు గంటలు

మళ్లీ టింగు. సీట్లు: 2. దాని వెంటనే స్టోరేజ్ ఫుల్.

ముందు ఒక్క ఫొటో అక్కకు పంపాను, ఈ చేతులు చూడు, పెంపకం ఎలా ఏడ్చిందో అని రాసి. సాక్ష్యం ఒకటి ఉండాలి. తర్వాత మొదటి నుంచి చివరి దాకా అన్ని పేపర్ల ఫొటోలూ టిక్ పెట్టి డిలీట్ కొట్టాను. ఫోన్ అడిగింది, ఖాయమేనా అని. ఖాయమే అన్నాను. చెత్తబుట్టలో వేశాను, రెండు నెలలు ఉంచుతాను అంది. ఇంట్లో చెత్త రెండు నెలలు పెట్టుకునే మనిషి ఎవరైనా ఉంటారా. బుట్ట కూడా ఖాళీ చేశాను. ఫోన్ వేడెక్కి, చల్లబడింది.

రాసుకునే చోట అబద్ధమెందుకు. స్టోరేజ్ సగం, కోపం సగం.

ఆ భార్య తిరిగొచ్చిందో లేదో ఇక తెలియదు.

అదే రోజు, ఏడు గంటలు

అమ్మాయి చెప్పులు గుమ్మంలోనే వదిలేసి వచ్చింది. ఫొటోలు లేవు అంది. ఎవరితో అన్నదో తెలియదు. గోడతో అన్నట్టు అంది. వెనకే ఆయన వచ్చారు. ఆయన ముఖమూ అలాగే ఉంది.

ఆగస్టు నుంచి తీసినవన్నీ పోయాయట. ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించలేదా అంటే, అకౌంట్‌లో భద్రంగా ఉన్నాయి కదా, అన్నీ తీశాక ఒకేసారి ఎక్కిద్దామనుకున్నాను అంది. మళ్లీ తీసుకోలేవా అన్నాను. ఆ గది పైకప్పు పగిలిందట. ఈ నెల ముప్ఫైన మూసేసి, పేపర్లన్నీ పెట్టెల్లో పెట్టి ఎక్కడో గోడౌన్‌కి పంపుతున్నారు. రెండేళ్ల దాకా ఎవరికీ చూపించరు. అందుకే ఇంత పరుగు. అవి లేకపోతే రెండు చాప్టర్లు లేవు, డిసెంబర్‌కి థీసిస్ లేదు. ఇవన్నీ నేను ముందు అడగలేదు, అది చెప్పలేదు.

ఫోన్లో ఎవరితోనో అంటోంది, ఎవరో నా అకౌంట్‌లోకి వచ్చి కావాలని తుడిచేశారు, చెత్తబుట్టతో సహా అని.

చెత్తబుట్ట అనగానే నాకు తెలిసింది.

నా బీరువా నేను సర్దుకుంటే పక్కింటి వాళ్ల బట్టలు పోతాయా? పోతాయట. బీరువా ఒకటేనట, తలుపులే రెండట.

దాని పాస్‌వర్డ్ తెలిసినవాడు పొడుగు ఒక్కడే. జర్నల్స్ తెరవడానికి ఎప్పుడో ఇచ్చింది. అది మాట్లాడుతున్నది వాడితోనే. నువ్వు తప్ప ఎవరున్నారు అంది. ఇంత నీచమా అంది. నేను అక్కడే నిలబడి గిన్నెలు తుడుస్తున్నాను. ఒకే గిన్నె తుడుస్తున్నాను.

సెప్టెంబర్ 12, శుక్రవారం

చెప్పలేదు.

సెప్టెంబర్ 13, శనివారం

ఏ పనీ లెక్కకు రాలేదు.

పొడుగు గేటు దగ్గరికి వచ్చాడు. అమ్మాయి పుస్తకాలు మూడు, ఒక స్కేలు తిరిగిచ్చాడు. లోపలికి రా బాబూ అన్నాను. ఇంకోసారి వస్తానాంటీ అన్నాడు. గేటుకి పైన ఏమీ ఉండదు, ఆకాశమే. అయినా తల వంచుకునే వెళ్లాడు.

ఆయన వాకింగ్ మానేశారు. మోకాలు అంటున్నారు. అమ్మాయి గది తలుపు వేసే ఉంది. మధ్యాహ్నం యాప్ ఒక్కసారి మోగింది. బుకింగ్ రద్దయినది.

సెప్టెంబర్ 14, ఆదివారం, పదకొండు గంటలు

అక్క ఫోన్ చేసింది. ఊరెళ్లి వచ్చి ఇవాళే ఫొటో చూసిందట. మొదటి మాటే, ఏమే, మీ ఆయనకు గ్లౌజులు తొడిగి ఫొటో తీసి నాకెందుకు పంపావు అంది.

ఎవరాయన అన్నాను.

నీకెంతమంది ఉన్నారే అంది. కఫ్ మీద గుండీ చూడు, పెద్దది చేసి చూడు. తెల్ల చొక్కాకి నీలం దారం. పైగా గుండీ మొదట్లో మూడు ముళ్లు. లోకంలో అందరూ ఒక ముడి వేస్తారు, నువ్వు మూడు వేస్తావు. చిన్నప్పట్నుంచీ నువ్వు దారాన్ని కూడా నమ్మవు అంది.

ఫోన్ పెట్టేసి బీరువా తెరిచాను. చొక్కా ఉంది. నీలం దారం ఉంది. మూడు ముళ్లు ఉన్నాయి. కఫ్ మడతలో ఇంకా ఆ గోధుమరంగు పొడి ఉంది. వేలితో తీసి వాసన చూశాను. మట్టి వాసన కాదు. పాత కాగితం వాసన.

ఇరవై ఆరేళ్లుగా నా ఎదురుగా కూర్చుని భోంచేస్తున్న చేతులు. వాటిని గుర్తుపట్టలేదు. నా కుట్టు గుర్తుపట్టాను. అదీ అక్క చెప్తేనే.

రెండు గంటలు

చొక్కా తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టాను. స్టేడియంలో కొత్తగా పేపర్లు చల్లుతున్నారా అన్నాను.

ఆయన చాలాసేపు గుండీతో ఆడుకున్నారు. పేజీ కుదురుగా నిలవట్లేదు నాన్నా, ఫొటోలు సగం పనికిరావట్లేదు అని అది ఒకరోజు ఆఫీసుకొచ్చి ఏడ్చిందట. ప్రోత్సహించనని నీకు మాటిచ్చాను కదా, అందుకే ప్రోత్సహించలేదు, పేజీ పట్టుకున్నానంతే అన్నారు. ఇంకోసారైతే నవ్వేదాన్ని. నన్ను సూటిగా అడిగుంటే చెప్పేవాణ్ణి అన్నారు. అడిగాను, మీకు పొలమారింది అన్నాను.

తర్వాత నా సంగతి చెప్పాను. డిలీట్ నుంచి చెత్తబుట్ట దాకా. ఆయన చొక్కా మడత పెట్టారు. తప్పుగా మడత పెట్టారు, అయినా నేను తీసి సరిచెయ్యలేదు. ఆయన దాచారు, నేను తుడిచాను. నాదే పెద్దది.

ఐదు గంటలు

ఇద్దరం వెళ్లి అమ్మాయికి చెప్పాం. నేనే చెప్పాను, ఆయన పక్కన నిలబడ్డారు. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నా ఫోన్ అడిగి తీసుకుంది. ఏవేవో నొక్కింది. అకౌంట్ తీసేసింది, యాప్ తీసేసింది. ఇక నీ ఫోన్ నీదేనమ్మా అని చేతిలో పెట్టింది.

పొడుగు సంగతి అప్పుడు గుర్తొచ్చింది దానికి. తన ఫోన్ తీసి వాడి నంబర్ దాకా వెళ్లి, నొక్కకుండా పక్కన పెట్టేసింది.

స్టోరేజ్ ఇప్పుడు ముప్పాతిక ఖాళీ. రెండు వారాలుగా ఇదే కావాలన్నాను. ఇంత ఖాళీలో ఏం పెట్టుకోను.

సెప్టెంబర్ 15, సోమవారం

హాస్టల్ గేటు దగ్గర పొడుగు కోసం అరగంట నిలబడ్డాను. వచ్చాడు. తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చాడు. నేను ఇంకా చేతులే చూస్తున్నాను.

మొత్తం చెప్పాను. తుడిచింది నేను, మాట పడింది నువ్వు అన్నాను. వాడు గోడ వైపు చూశాడు. అనుమానించినందుకు కోపం లేదాంటీ, పాస్‌వర్డ్ తెలిసినవాణ్ణి నేనే కదా, నేనైనా నన్నే అనుమానించేవాణ్ణి అన్నాడు. కానీ తను అడగలేదు, తేల్చేసింది, అదే అన్నాడు. అది ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు. చెప్పలేదు, వాడికి అర్థమయ్యే ఉంటుంది.

వెళ్లబోతుంటే ఆపి పని మాట చెప్పాడు. ఆ గదిలో ఒక కార్డుకి రోజుకి రెండు సీట్లు, రెండు గంటలే ఇస్తారు. గది మూసేస్తున్నారని అందరూ ఎగబడుతున్నారు. పొద్దున ఆరింటికి యాప్‌లో బుకింగ్ తెరిస్తే రెండు నిమిషాల్లో సీట్లు అయిపోతున్నాయి. నలుగురి పేర్లతో కార్డులుంటే ఎనిమిది గంటలు దొరుకుతాయి. బయటివాళ్లకి విజిటర్ కార్డిస్తారు, అంకుల్‌కి ఆల్రెడీ ఉంది అన్నాడు. నాది కూడా వాడుకోండి అన్నాడు. కానీ రిసెర్చివాళ్లెవరూ ఆరింటికి లేవరాంటీ అన్నాడు.

నేను ఐదింటికి లేస్తాను. పెళ్లైనప్పటి నుంచీ.

సెప్టెంబర్ 16, మంగళవారం

విజిటర్ కార్డు తీసుకున్నాను. కౌంటర్లో కూర్చున్నావిడ విజిట్ కారణం అడిగింది. పేజీలు పట్టుకోడానికి అన్నాను. రీడింగ్ అని రాసింది. యాప్ నా పేరుతో, నా ఫోన్లో ఎక్కించి చూపించింది. ఏ రోజుకారోజు బుక్ చెయ్యాలి, మరిచిపోతారేమో అంది. చూద్దాం అన్నాను.

సెప్టెంబర్ 17, బుధవారం

ఐదూ యాభై ఎనిమిదికి పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని కూర్చున్నాను. ఆరింటికి నా ఫోన్, ఆయన ఫోన్, రెండూ నొక్కాను. నాలుగు సీట్లు. పొడుగు కూడా లేచి బుక్ చేసి మెసేజ్ పెట్టాడు. అమ్మాయి గది తలుపు తట్టి చెప్పాను. తలుపు తియ్యలేదు. కానీ తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడింది.

మొదటిసారి ఆ గది చూశాను. ఒక్క కిటికీ, దానికి మందపాటి కర్టెన్. పైకప్పు పగులు కింద బక్కెట్టు. పొడవాటి బల్ల, చుట్టూ పిల్లలు. అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకుని పేజీల మీద వంగి ఉన్నారు. ఒక్కరూ మాట్లాడరు. ఇంట్లో ఇలా ఫోన్ పట్టుకుని వంగితే ఏం చూస్తున్నావని అరుస్తాను.

గ్లౌజులిచ్చారు. తొడుక్కుంటే నా చేతులు నావి కాకుండా పోయాయి. దళసరిగా, పొట్టిగా.

మొదటి పది పేజీలు నా మూలాన పాడయ్యాయి. గట్టిగా నొక్కుతున్నాను. తర్వాత పట్టు దొరికింది. దుప్పటి ఇద్దరు మడత పెట్టేటప్పుడు ఎలా? లాగకూడదు, వదలకూడదు. అవతలివాళ్లు ఎప్పుడు కదులుతారో చూసి కదలాలి. ఫోన్ టిక్కుమనగానే కుడి చెయ్యి ఎత్తడం, ఎడమ చెయ్యి కింద నుంచి పేజీని మోసుకుపోవడం, దించడం, రెండు చేతులతో నిమరడం. అరగంటకి ఇద్దరి లయ కలిసింది. అమ్మాయి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట అవసరం కూడా రాలేదు.

నాలుగింటికి ఆయన వచ్చి నా బదులు గ్లౌజులు తొడుక్కున్నారు. నేను ఇంటికొచ్చి వంట చేశాను. ఊచలు ఇంకా సగమే.

సెప్టెంబర్ 18, గురువారం

అమ్మాయి పొడుగుకి ఫోన్ చేసింది. తలుపేసుకుని మాట్లాడింది. చాలాసేపు. నేను తలుపు దగ్గరికి వెళ్లలేదు. ఇది రాసి పెట్టుకోవాలి.

సెప్టెంబర్ 19, శుక్రవారం

పొడుగు గదికి వచ్చాడు. బల్ల అటు చివర కూర్చున్నాడు. మధ్యాహ్నం ఇటు చివరికి జరిగాడు.

సెప్టెంబర్ 22, సోమవారం

దుమ్ముకి గొంతు పట్టేసింది. గ్లౌజుల వేళ్ల చివర్లు నల్లగా అయ్యాయి, ఇంటికి తెచ్చి ఉతుకుతానంటే రూల్ కాదన్నాడు గది చూసుకునే పెద్దాయన. మురికి గ్లౌజుతో పేపర్ ముట్టుకోవడం మాత్రం రూలా అన్నాను. ఆలోచించి రెండు జతలు ఇచ్చాడు.

అమ్మాయి ఇంకా నాతో మాట్లాడలేదు. నాన్నని అడిగి నాకు చెప్పిస్తోంది. నాన్నా, రేపు అమ్మ స్లాట్ ఎప్పుడు? నేను పక్కనే ఉంటాను. ఆయన నా వైపు తిరిగి, రేపు నీ స్లాట్ ఎప్పుడు అంటారు. రెండింటికి అంటాను. రెండింటికట అంటారు.

సెప్టెంబర్ 24, బుధవారం

ఆడపడుచుకి ఫోన్ చేశాను. అమ్మాయి జనవరిలో చేరదు, వాళ్లకి వేరే ఎవరినైనా చూసుకోమని చెప్పు వదినా అన్నాను. డిసెంబర్ అని కూర్చున్నది నువ్వే కదా, ఇప్పుడేమైంది అంది. గడువు నేను పెట్టాను, ఆలస్యం కూడా నేనే చేశాను, నా వల్ల పోయిన రోజులు నేనే కలపాలి అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. పెళ్లి గానీ కుదిరిందా అంది. లేదు, పేపర్లు కుదిరాయి అన్నాను.

వంటింట్లోకి తిరిగితే గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో. మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

సెప్టెంబర్ 25, గురువారం

ఉప్పు అందాజు తెలియని పెద్దమనిషి దొరికాడు. ఆ పేజీ నా చేతుల కిందికే వచ్చింది. తర్వాత వారం పేపర్, అదే మూల, అదే అడ్రసు. ఒక్కటే వాక్యం: గత వారం వేయించిన ప్రకటన రద్దుపరచడమైనది.

గదిలో మాట్లాడకూడదు. అయినా ఆగలేకపోయాను. ఆవిడ వచ్చినట్టేనా అన్నాను. ఆయన అప్పుడే గ్లౌజులు తొడుక్కుంటున్నారు. రద్దు చేశాడంటే వచ్చినట్టే కదా అన్నారు. వంట నేర్చుకుని ఉంటాడు అన్నాడు పొడుగు. అమ్మాయి ఫోన్ కిందికి దించింది. వచ్చి, ఆ ప్రకటన చదివి, ఊరందరికీ మన ఇంటి ఉప్పు సంగతి చెప్తావా అని తిట్టి, ఆవిడే రద్దు చేయించి ఉంటుందమ్మా అంది.

అమ్మా అంది.

నేను తలెత్తలేదు. పేజీ కదిలిపోతుందని.

సెప్టెంబర్ 29, సోమవారం

పోయినవన్నీ దొరకలేదు. రెండు కట్టలు మేం చేరేలోపే పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. పెద్దాయన్ని బతిమాలాను, మేకులు కొట్టేశాం తల్లీ అన్నాడు. మిగతావన్నీ తీశాం. అవి లేకుండా ఒక చాప్టర్ చిన్నదవుతుందట, మార్చికి థీసిస్ ఇవ్వొచ్చట. ఆ రెండు కట్టల గురించి ఏం రాస్తావు అన్నాను. అందుబాటులో లేవు అని రాస్తానంది. ఎందుకు లేవో రాయవా అన్నాను. అది పరిశోధనకు సంబంధించిన విషయం కాదమ్మా అంది. కప్పులోకి చూడలేదు. నా ముఖంలోకి చూస్తూ అంది.

ఫొటోలు మూడు చోట్ల దాచింది. మూడో చోటు నేనే కొనిచ్చిన చిన్న పెన్‌డ్రైవ్. దానికి దారం కట్టి మూడు ముళ్లు వేశాను.

ఆయన రేపటి నుంచి నిజంగా నడుస్తారట. నేనూ వెళ్దామనుకుంటున్నాను. అనుమానం కాదు.

సెప్టెంబర్ 30, మంగళవారం

ఊచలు పూర్తయ్యాయి.

మధ్యాహ్నం ఫోన్ టింగుమంది. ఒక్క ఫొటో. దానంతట అది వచ్చింది కాదు, అమ్మాయి పంపింది. పాత పేజీ, అటూ ఇటూ గ్లౌజులు, నా వాచీ అంచు.

ఈ డైరీలో ఐదో తేదీ నుంచి రాసిన అనుమానాలు రద్దుపరచడమైనది. బాకీ చెల్లు.